నల్లమట్టి డబ్బా

మా నీటి పరీక్షల శాఖలో కొత్తగా చేరిన కుర్రాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగుతారు, నా పాత సీసాల పెట్టె చూసి ముచ్చటపడతారు, చివర్లో ఒకే ప్రశ్న వేస్తారు. “మీ రోజుల్లో మిషన్లు లేవు కదండీ, ఎలా నెట్టుకొచ్చేవారండీ?”

నాకు ఒళ్ళు మండుతుంది. మిషన్లు లేకపోవడం వల్ల నేను చెడగొట్టిన పని ఒక్కటీ లేదు. నేను చెడగొట్టినవన్నీ నా తలపొగరు వల్లా, నోరు మూసుకోవడం వల్లా చెడిపోయాయి. ఆ రెండింటికీ మీ కొత్త ప్రయోగశాలల్లోనూ మందు ఉందని నేననుకోను. అందుకే ఇది రాస్తున్నాను.

నేను నీళ్ళ కెమిస్టుని. అమలాపురం, రాజోలు, కొత్తపేట చుట్టుపక్కల నూతుల్లో, కాలవల్లో, మురుగుకోడుల్లో నీళ్ళు సీసాలకు పట్టి, అందులో ఏముందో చూసి చెప్పడం నా ఉద్యోగం. ఊళ్ళలో నన్ను ‘సీసాల బాబు’ అనేవారు. కొందరు మందులమ్ముకునేవాడిననుకుని దగ్గుకు మందు అడిగేవారు. నీళ్ళలో ఉప్పు ఎంత ఉందో చెప్పడం పెద్ద విద్య కాదు. పసుపు రంగు వేసిన నీళ్ళలోకి వెండి ద్రావణం బొట్టు బొట్టుగా వదులుతారు. ఇటుక రంగు తిరిగిన చోట ఆపుతారు. ఎన్ని బొట్లు పట్టిందో దాన్నిబట్టి ఉప్పు తెలుస్తుంది. నాలుగు రోజుల్లో ఎవరికైనా వస్తుంది. ఆ ఉప్పు ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఎప్పుడొచ్చిందో, ఎవరి వల్ల వచ్చిందో చెప్పడం మాత్రం నాకు పన్నెండేళ్ళు పట్టింది.

తాటాకు దొప్ప

యుద్ధం ఇంకా ముగియని రోజులు. ఓడలరేవుకు కాస్త దూరంలో చేపలు పట్టేవాళ్ళ పల్లె ఒకటుంది. ఇసక దిబ్బ మీద నలభై గుడిసెలు, ఒకటే నుయ్యి. ఎండాకాలంలో ఆ నూతిలో నీళ్ళు సరిపోవటం లేదని అర్జీ పెట్టుకుంటే, లోతు చేయించవచ్చో లేదో చూసి రమ్మని నన్ను పంపారు. లాంచీ దిగి, ఇసకలో మూడు మైళ్ళు నడిచి వెళ్ళాను. ప్యాంటు చొక్కా, తలమీద టోపీ. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. దొరబాబు వేషం చూసి కుక్కలు మొరిగాయి.

ఆ నూతి దగ్గర నాకొక వింత కనిపించింది. ఎవరూ చేద వేయటం లేదు. అంచుకు కూర్చుని, కర్రకు కట్టిన తాటాకు దొప్పను నీటిమీద అడ్డంగా ఆనించి, మీగడ తీసినట్టు పైపైన తీస్తున్నారు. ఒక్క కడవ నిండడానికి చాలాసేపు పడుతోంది. తెల్లారి మొదటి దొప్ప పల్లెలో పెద్దావిడ తీయాలి, ఆ తరవాతే మిగతావాళ్ళు. ఆ పెద్దావిడ పేరు నూకాలమ్మ.

“చేద వేసుకుంటే చిటికెలో అయిపోతుంది కదమ్మా?” అన్నాను.

“చేదేత్తే నీరు కలిసిపోద్ది బాబూ. తీపి పైన ఉంటాది, చేదు కింద ఉంటాది. రెండూ కలిపేత్తే మాకు తాగడానికేటుంటాది?”

నేను నవ్వేశాను. నీళ్ళు పొరలుగా ఉండడమేమిటి? మా పుస్తకంలో చెప్పినట్టు, రాయి కట్టిన సీసా అడుగుదాకా దింపి నీళ్ళు తీశాను. కొంచెం ఉప్పగా ఉన్నాయి. ఊట చాలక నిలవ నీరు చెడిందనీ, ఇంకో రెండు నిలువులు తవ్విస్తే మంచి ఊట పడుతుందనీ తేల్చేశాను. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజమని, ఇసకలో వాన నీరు తేలికగా పైన నిలుస్తుందని, బరువైన ఉప్పునీరు కింద ఉంటుందని నాకు అప్పటికి తెలియదా? కాలేజీలో చదివాను. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు.

తవ్వకం మొదలైన నాలుగో రోజు నల్లటి బంకమట్టి తగిలింది. నూకాలమ్మ పరుగులాంటి నడకతో వచ్చింది.

“ఆపించండి బాబూ! మా మావగారు ఈ నుయ్యి తవ్వినపుడు నల్లమట్టి తగలగానే ఆపేసేరు. దాని కింద పాత సముద్రం ఉందన్నారండి.”

“పాత సముద్రమా? కొత్త సముద్రం అదిగో, అక్కడుంది. ఇంక పాతదెక్కడిదమ్మా?” అన్నాను. కూలీలు కూడా నవ్వారు. నేను చేసిన ఆ వెటకారం నాకు ఇప్పటికీ చెవుల్లో వినిపిస్తుంది.

మట్టి పొర మూరెడు మందం కూడా లేదు. అది దాటగానే కింద ఇసకలోంచి నీళ్ళు బుసబుసమని వచ్చాయి. పల్లెంతా పండగ చేసుకుంది. నాకు కొబ్బరిబోండాలు కొట్టి ఇచ్చారు. వారం తిరిగేసరికి నీళ్ళు ఉప్పెక్కాయి. రెండో వారానికి పశువులు కూడా మూతి పెట్టలేదు. ఆడవాళ్ళు కడవలు నెత్తిన పెట్టుకుని రెండు మైళ్ళ అవతల కాలవకు నడవడం మొదలుపెట్టారు.

చేద ఎవరు వేశారు

కబురందుకుని నేను మళ్ళీ వెళ్ళేసరికి పల్లె తప్పెవరిదో తేల్చేసింది.

నూకాలమ్మ కోడలు సూరమ్మ ఆ నెలలోనే కాపురానికి వచ్చింది. పలివెల దగ్గర గోదారి పాయ ఒడ్డున పుట్టిన పిల్ల. అక్కడ నూతుల్లో చేద వేసుకోవడమే అలవాటు. పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇనప చేదను, నీళ్ళు పుష్కలంగా వచ్చిన ఆ వారంలో ఓ పొద్దున నూతిలోకి వేసింది. అంతే. గంగమ్మకు కోపం వచ్చిందన్నారు. ఆ పిల్ల నుయ్యి ముట్టకూడదన్నారు. పద్దెనిమిదేళ్ళుంటాయేమో, గుడిసె గుమ్మంలో మోకాళ్ళ మీద గడ్డం ఆనించి కూర్చుంది.

నూకాలమ్మ నన్ను పక్కకు పిలిచింది. “మా కోడలు చేదేసిందని ఇలా అయ్యిందంటన్నారండి బాబూ. మీరు చదువుకున్నోరు. నిజమేనంటారా?”

ఆ క్షణంలో నేను చెప్పాల్సింది ఒక్కటే మాట. “కాదమ్మా, తప్పు నాది. నువ్వు వద్దన్న మట్టి నేను తవ్వించాను.” ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఉద్యోగం గుర్తొచ్చింది, పై అధికారి మొహం గుర్తొచ్చింది.

“చూసి చెబుతానమ్మా,” అన్నాను. తేలు కుట్టిన దొంగలా సీసాలు సర్దుకుని వచ్చేశాను.

మా సూపరింటెండెంటుగారు చండశాసనుడు. సీసా మెడ మీద వేలిముద్ర కనిపిస్తే మొత్తం నమూనా పారబోయించేవాడు. ఎక్కడ నుయ్యి తవ్వినా ప్రతి అడుగు మట్టినీ డబ్బాల్లో పట్టి తెమ్మనేవాడు. ఎందుకని అడిగితే, “నీళ్ళు నిన్నటి సంగతి చెబుతాయి. మట్టి మీ ముత్తాత ముత్తాత సంగతి చెబుతుంది. నోరు మూసుకుని తీసుకురా,” అనేవాడు. నా నల్లమట్టి డబ్బా మూత తీసి వేలితో నలిపి చూశాడు. గవ్వ ముక్కలు, సముద్రపు బురదలో పెరిగే మడచెట్ల వేళ్ళ పీచు. వాసన చూశాడు. నా రిపోర్టు చదివాడు. ‘సముద్రపు పోటు వల్ల నూతి నీరు సహజంగా ఉప్పుబారినది’ అని రాశాను అందులో.

“పోటేనా?”

“ఆయ్, పోటేనండి.”

కాసేపు నా మొహంలోకి చూసి సంతకం పెట్టేశాడు. “డబ్బా మాత్రం పారెయ్యకు,” అన్నాడు.

ఆయనకు తెలుసు. నన్ను కాపాడాడు. పని నేర్పింది ఆయనే, నాకు చెరుపు చేసిందీ ఆయనే. ఆ రోజు చెంప పగలగొట్టి రిపోర్టు చింపి మొహాన కొట్టి ఉంటే, ఆ పిల్ల బతుకు అలా అయ్యేది కాదు. మంచి అధికారి దొరికాడని మురిసిపోయే కుర్రాళ్ళు ఈ ముక్క రెండుసార్లు చదువుకోండి.

డబ్బాలు చెప్పిన కబుర్లు

సిగ్గుతో మొదలుపెట్టిన పని పోనుపోను నాకు పిచ్చిగా మారింది. కోనసీమలో ఎక్కడ నుయ్యి తవ్వుతున్నారన్నా డబ్బాలు పట్టుకుని పోయేవాణ్ణి. మట్టిని ఆరబెట్టి, దంచి, మరిగించిన నీళ్ళలో నానబెట్టి, వడగట్టి, అదే వెండి ద్రావణంతో ఉప్పు చూసేవాణ్ణి. పలివెల వైపు ఎంత లోతుకు పోయినా గోదారి ఒండ్రే తగిలింది, గవ్వ అన్నది లేదు. మామిడికుదురు దగ్గర ఒండ్రు కింద మడచెట్ల వేళ్ళు కనిపించాయి. ఇంకా సముద్రం వైపు వస్తే పల్లె దిబ్బల కింద నల్లమట్టి, గవ్వలు, వాటి కింద ఉప్పు ఇసక. ఈ నేలంతా ఒకప్పుడు సముద్రం. గోదారి మట్టి తెచ్చి పోస్తుంటే సముద్రం అడుగడుగునా వెనక్కు జరిగింది. నూకాలమ్మ మావగారు చెప్పిన పాత సముద్రం అదే. ఆ మూరెడు నల్లమట్టే దానికి మూత. పైన వాన నీరు, కింద పాతకాలపు ఉప్పు. ఆ మూతకు నేను చిల్లు పెట్టాను.

మట్టి ముద్దను కత్తితో నిలువునా కోస్తే సన్నని చారలుండేవి. లావుగా ఎర్రగా ఉన్నచోట ఉప్పు తక్కువ. అది గోదారి పొంగి తీపినీరు తెచ్చిన కాలం. పలచగా నల్లగా ఉన్నచోట ఉప్పు ఎక్కువ. అది వానలు లేక, గోదారి సన్నబడి, సముద్రం పైకి వచ్చిన కాలం. ఏ ఏడు ఏ చారో చెప్పే విద్య మా దగ్గర లేదు. కానీ కరువులూ వరదలూ మట్టిలో రాసి ఉన్నాయని మొదటిసారి చూసిన రోజు నాకు అన్నం సహించలేదు. ఇంత పాత సంగతులు దాచుకున్న మట్టి నా అబద్ధాన్ని మాత్రం దాస్తుందా అనిపించింది.

ఆ తరవాత ఏడు పట్టుబట్టి ఆ పల్లెకు కొత్త నుయ్యి తవ్వించాను, వేరే దిబ్బ మీద. నల్లమట్టికి జానెడు పైనే ఆపించి, మట్టి వరలు దింపించాను. పాత నూతిని బంకమట్టితో పూడ్పించాను. నీళ్ళు తీపిగానే వచ్చాయి. అందరూ దొప్పలతో తోడుకున్నారు, సూరమ్మ తప్ప. ఆమె దూరంగా కడవ పెట్టుకుని నిలబడేది. ఎవరికైనా దయ కలిగితే రెండు దొప్పలు పోసేవారు. నేను వెళ్ళినప్పుడల్లా అది చూసేవాణ్ణి. చూసి తల తిప్పుకునేవాణ్ణి. నుయ్యి ఇచ్చాను కదా, లెక్క సరిపోయిందని నాకు నేనే చెప్పుకునేవాణ్ణి. సిగ్గులేని మాట.

కొబ్బరి డొక్కలు

స్వరాజ్యం వచ్చింది, ఆంధ్ర రాష్ట్రమూ ఏర్పడింది. ఆ రోజుల్లో ఒక షావుకారు పల్లె వెనక మురుగుకోడు గట్టున గుంటలు తవ్వించి కొబ్బరి డొక్కలు, అంటే కాయ మీది పీచు తొక్కలు, నానబెట్టడం మొదలుపెట్టాడు. నెలలతరబడి నానిన డొక్కల్ని కర్రలతో బాది పీచు తీస్తారు. పల్లె ఆడవాళ్ళు చాలామందికి అక్కడ పని దొరికింది. సూరమ్మ కూడా వెళ్ళేది, చేతులు మోచేతుల దాకా నల్లబడేవి. ఏడాది తిరిగేసరికి కొత్త నూతి నీరు టీ రంగుకు తిరిగింది. కుళ్ళిన గుడ్ల కంపు. పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి.

పల్లెవాళ్ళు మళ్ళీ అర్జీ పెట్టారు. గుంటలే కారణమన్నారు. షావుకారు కాదన్నాడు. తాసీల్దారుగారు విచారణకు రోజు పెట్టి నన్ను రమ్మన్నారు.

ఈసారి అడుగు నుంచి సీసా తీసే పొరపాటు చేయలేదు. “అమ్మా, ఎక్కడ తవ్వమంటావు?” అని నూకాలమ్మనే అడిగాను. ఆవిడకు డెబ్బై దాటాయి. కర్రతో ఇసకలో గీత గీసింది, గుంటల దగ్గర నుంచి నూతి మీదుగా సముద్రం దాకా. ఆ గీత వెంట ఆడవాళ్ళు చేతులతో చెలమలు తోడారు. ఒక్కో చెలమలో ఊరిన నీటిని ఒక్కో సీసాకు పట్టాను.

ఉప్పు పెద్దగా లేదు. సముద్రం వస్తే ఒంటరిగా రాదు, ఉప్పుతోపాటు మెగ్నీషియమూ అవీ ఇవీ తన పాళ్ళలో వెంట తెచ్చుకుంటుంది. ఇక్కడ ఆ జాడే లేదు. గులాబీ రంగు పర్మాంగనేటు వేస్తే గుంటల పక్క చెలమలో రంగు క్షణంలో మాయమైంది. అంటే నీళ్ళలో కుళ్ళు ఉంది. సముద్రం వైపు పోయేకొద్దీ రంగు నిలిచింది. గుంటలదే తప్పని అందులో రాసిపెట్టినట్టు తెలిసింది.

వలల పాకలో

వలలు బాగుచేసుకునే పాకలో విచారణ. పగలు పదిగంటలు. తాసీల్దారుగారు కుర్చీలో, షావుకారు బల్లమీద, పల్లెంతా చుట్టూ కింద. నేను సీసాలు వరసగా పెట్టి, కుళ్ళు కంపు తగిలితే నల్లబడే సీసం మందు అద్దిన తెల్ల కాగితం ముక్కల్ని ఒక్కో సీసా మూతికి పట్టాను. గుంట వైపు సీసా దగ్గర కాగితం నల్లబడింది. నూతి నీటి దగ్గర గోధుమరంగు. సముద్రం వైపు సీసా దగ్గర తెల్లగానే ఉంది. జనం “హమ్మా!” అన్నారు.

షావుకారు తొణకలేదు. తెలివైనవాడు. చేతిసంచీలోంచి ఒక కాగితం నకలు తీశాడు.

“కెమిస్టుగారు పెద్దోరండి, నేను కాదన్ను. కానీ ఇది చూడండి. పన్నెండేళ్ళ కిందట ఈ పల్లె నూతి గురించి ఆయన రాసిన రిపోర్టే. ‘సముద్రపు పోటు వల్ల సహజంగా’ అని ఆయనే రాసేరండి. అప్పుడు డొక్కల గుంటలున్నాయాండీ ఇక్కడ? ఈ నేలలో నీళ్ళు వాటంతటవే చెడతాయండి. దానికి నలుగురికి కూడు పెట్టే నా పని మాన్పించడం న్యాయమాండీ?”

తాసీల్దారుగారు నావైపు తిరిగి, “ఇది మీ రిపోర్టేనా?” అన్నారు.

“నాదేనండి.”

“మరి నీళ్ళు అప్పుడు సహజంగా చెడితే, ఇప్పుడెందుకు చెడకూడదు?”

చూశారా, నా అబద్ధమే తిరిగొచ్చి పల్లె గొంతు మీద కూర్చుంది. అది అక్కడుండగా నా సీసాలు ఎన్ని నల్లబడినా ఎవరూ నమ్మరు. నా సంచీలో నల్లమట్టి డబ్బా ఉంది. పన్నెండేళ్ళు పారెయ్యకుండా దాచిన డబ్బా. ఆ రోజు ఎందుకు తెచ్చుకున్నానంటే, అవసరమవుతుందని లోపల తెలుసు కనుకే. లేచి, డబ్బా తీసి తాసీల్దారుగారి ముందు పెట్టాను.

“ఆ రిపోర్టు అబద్ధమండి,” అన్నాను. “పోటు రాలేదు. నూకాలమ్మగారు వద్దంటున్నా వినకుండా ఈ మట్టి నేనే తవ్వించాను. దీని కిందున్న పాత ఉప్పు పైకి తన్నింది. నా తప్పు బయటపడుతుందని పోటు అని రాశాను. ఈ మట్టినీ ఇందులోని ఉప్పునూ పరీక్ష చేయించుకోండి, ఎక్కడైనా సరే. ఇప్పటి నీళ్ళలో ఆ ఉప్పు లేదు. ఇప్పుడున్నది డొక్కల కుళ్ళు.”

తాసీల్దారుగారు డబ్బా మూత తీసి చూసి, “ఉద్యోగం పోవచ్చునని తెలుసా మీకు?” అన్నారు.

“తెలుసండి. రాసుకోండి.”

అప్పుడు వెనకనుంచి సూరమ్మ లేచింది. ముప్ఫయ్యేళ్ళ మనిషి. నల్లబడిన చేతులు కొంగుతో తుడుచుకుంటూ ముందుకు వచ్చింది.

“అయితే నా చేద వల్ల కాదన్నమాటేనాండి?”

“కాదమ్మా.”

“మీకు అప్పుడే తెలుసాండి?”

“తెలుసమ్మా,” అన్నాను.

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. “నోటితో అన్నమాట గాలికి పోద్దండి. ఆ కాయితంలో రాయండి. నా పేరెట్టి రాయండి,” అంది.

మా రిపోర్టులు ఇంగ్లీషులో ఉండేవి. మనుషుల పేర్లు రాసే ఆచారం లేదు. అయినా అక్కడే కూర్చుని, ఇంగ్లీషు రిపోర్టు అడుగున తెలుగులో నా చేత్తో రాశాను. ‘మొదటి నుయ్యి చెడింది నేను నల్లమట్టి తవ్వించడం వల్ల. సూరమ్మ చేద వల్ల కాదు.’ చదివి వినిపించమంది. వినిపించాను. అందరికీ వినబడేలా ఇంకోసారి చదవమంది. చదివాను. నూకాలమ్మ మొహం కప్పుకుని ఏడ్చింది.

ఆఫీసులో కొత్త సూపరింటెండెంటు ఎగిరిపడ్డాడు. “రిపోర్టులో ఈ ఆడమనిషి పేరేమిటయ్యా? కొట్టెయ్!” అన్నాడు. కొట్టెయ్యనన్నాను. మెమో ఇచ్చాడు, తీసుకున్నాను. నాకేమైందో ఇక్కడ రాయను, అది మీకు పనికిరాదు. ఆ వాక్యం మాత్రం ఫైల్లో అలాగే ఉంది.

గుంటలు మూయించలేదు, అక్కడి ఆడవాళ్ళకు కూలి ఉండాలి కదా. సముద్రపు పోటూ పాటూ కడిగేసే ఉప్పు కాలవ ఒడ్డుకు వాటిని మార్పించారు. ఒక వానాకాలం గడిచాక నూతి నీరు తేటబడింది. ఆఖరిసారి నమూనా తీయడానికి తెల్లవారుతూనే వెళ్ళాను.

నూకాలమ్మ మొదటి దొప్ప తీయడానికి వచ్చింది. అంచు దగ్గర ఆగి, కర్ర చివరున్న దొప్పను కోడలి చేతిలో పెట్టి పక్కకు జరిగింది. సూరమ్మ కూర్చుని, నీరు కదలకుండా పైపైన తీసి కడవలో పోసుకుంది. తరవాత ఒక ముంతతో నీళ్ళు తెచ్చి నాకిచ్చింది.

“తాగండి బాబూ. ఉప్పుందేమో చూసి చెప్పండి.”

తాగాను. “లేదమ్మా, తీపిగా ఉన్నాయి,” అన్నాను.

“ఆయ్. నాకూ తెలుసండి,” అని కడవ ఎత్తుకుని వెళ్ళిపోయింది.